ట్రంకుపెట్టెలోని ఊరి చరిత్ర

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాల సందర్భమున పూర్వ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పాఠశాలకు, తుంగభద్ర కాలువలకు ఇంచుమించు ఒకటే వయస్సు. 1945 ఫిబ్రవరిలో శంకుస్థాపన జరిగిన ఆనకట్ట నుండి 1953లో కాలువలకు నీరు విడిచిపెట్టారు. అప్పటికి నదికి ఎడమ గట్టున హైదరాబాదు రాష్ట్రం, కుడి గట్టున మద్రాసు రాష్ట్రం. జొన్న, పత్తి తప్ప మరొక పంట ఎరుగని నల్లరేగడి మీదికి నీటితోపాటు, కొన్నిచోట్ల నీటికంటె ముందుగానే, కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు వచ్చారు. ఉన్న ఊళ్ళో రెండెకరాలో మూడెకరాలో అమ్మి ఇక్కడ అంతకు కొన్నిరెట్లు కొన్నారు. గంగావతి, సింధనూరు, మాన్వి తాలూకాలలో పొలాల నడుమ గుడిసెలు వేసుకొన్నారు. ఆ గుడిసెల గుంపునే అందరూ క్యాంపు అన్నారు. గుడిసెలు పోయి మిద్దెలు, మేడలు వచ్చినా ఆ పేరు మాత్రం పోలేదు. అయితే బళ్ళారి పట్టణంలో, దాని చుట్టుపట్ల పల్లెలలో తెలుగు అంతకు శతాబ్దాల ముందునుండి ఉన్నది. కాలువతో వచ్చిన తెలుగు, అంతకు పూర్వమే ఉన్న తెలుగు ఒకే బెంచీ మీద కూర్చున్న చోటు ఈ పాఠశాల.

నేటి ప్రసంగానికి విషయం ఆ కుటుంబాల ఇళ్ళలో ఉన్న పాత ఫోటోలు, వ్యవసాయపు కాగితాలు. ఇటువంటి ఉత్సవానికి ఇది చిన్న విషయమని తోచవచ్చు. కాని పాత ఇల్లు పడగొట్టి కొత్త ఇల్లు కట్టే నెలలో ఏమి జరుగుతున్నదో గమనించినవారికి ఇది చిన్నదనిపించదు. అటక మీది ట్రంకుపెట్టె దించుతారు. పెట్టె అడుగున ఎర్రగుడ్డలో కట్టిన మూట ఉంటుంది. భూమి దస్తావేజు ఒక్కటి తీసి బీరువాలో భద్రపరుస్తారు. మిగిలినవి పాత కాగితాలు కొనేవాని తక్కెడకు పోతాయి. పద్దు పుస్తకాలు, నీటి తీరువా రసీదులు, కౌలు చీటీలు, సొసైటీ పాసుపుస్తకాలు, ధాన్యం కాటా చీటీలు, తాకట్టు చీటీలు, ఉత్తరాలు అన్నీ కలిపి తూకం వేస్తే వచ్చేది ఒకపూట టిఫిను ఖర్చు. ఇక ఫోటోల సంగతి. తాత, నాయనమ్మల ఫోటో ఒక్కటి పెద్దది చేయించి దండ వేస్తారు. తక్కినవాటిలో ఎవరున్నారో ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలియని ముఖాలను ఎంతకాలమని దాచుకుంటారు?

మరొక సంగతి ఉన్నది. ఆ పుస్తకాలు తెలుగులో ఉన్నవి. అదీ అచ్చు తెలుగు కాదు, గొలుసుకట్టు వ్రాత. అంకెలు కొన్నిచోట్ల తెలుగు అంకెలు. మూడవ తరం పిల్లలు కన్నడంలోనో ఇంగ్లీషులోనో చదువుకొన్నారు. అది తప్పు కాదు, ఉన్న రాష్ట్రంలో ఉద్యోగం, వ్యవహారం అటువంటివి. కాని తాత వ్రాసిన పద్దును మనుమడు చదవలేడు. చదవగలవారు ఈ సభలో నెరసిన తలలతో కూర్చున్నవారే. కాగితం మరో యాభై ఏళ్ళు నిలిచినా, దానిని చదివి చెప్పేవారు అంతకాలం ఉండరు. కనుక తొందర కాగితం విషయంలో కంటె మనుషుల విషయంలోనే ఎక్కువ.

ప్రభుత్వ కార్యాలయాలలో రికార్డులు ఉండగా ఇంటి కాగితాలతో పని ఏమిటని అడిగేవారు ఉన్నారు. గంగావతి ప్రాంతపు పల్లెనే తీసుకొని చూడవచ్చు. 1956 నవంబరు 1 వరకు అది హైదరాబాదు రాష్ట్రంలోని రాయచూరు జిల్లా. ఆనాటి పై కచేరీల కాగితాలు చాలావరకు ఉర్దూలో ఉన్నవి, ఆ రాష్ట్రపు దస్తావేజుల భాండాగారం నేడు హైదరాబాదులోని తార్నాకలో ఉన్నది. ఆ తరువాత ఆ పల్లె మైసూరు రాష్ట్రంలోకి వచ్చినది, 1973లో రాష్ట్రం పేరు కర్ణాటక అయినది, 1997లో జిల్లా పేరు కొప్పళ అయినది. నదికి ఇవతలి బళ్ళారి సంగతి వేరు. అది 1953 అక్టోబరు 1న, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రోజుననే, మైసూరులో కలిసినది. ఆదవాని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయినవి. అంతకు పూర్వపు బళ్ళారి రికార్డుల కోసం చెన్నైలోని ఎగ్మూరుకు వెళ్ళవలసినదే. బెంగళూరు, హైదరాబాదు, చెన్నై మూడు నగరాలు తిరిగినా దొరికేది సర్వే నంబరు, విస్తీర్ణం, శిస్తు. ఆ నేలను చదును చేయటానికి ఎన్ని జతల ఎడ్లు కట్టారో, మొదటి ఏడు ఎన్ని బస్తాలు పండినవో, నీరు ఏ తేదీన చేనికి చేరినదో ఏ కచేరీ వ్రాసుకోలేదు. 2000 ప్రాంతంలో భూమి పథకం కింద కర్ణాటకలో పహణీలన్నీ కంప్యూటరులోకి ఎక్కినవి. అది రైతుకు మేలు చేసిన పని. అయినా ఆ కంప్యూటరుకు తెలిసినదంతా కచేరీకి తెలిసినదే.

ఇంటి పుస్తకానికి తెలిసినది ఇంకొకటి ఉన్నది. ఎడమ గట్టు కాలువ పొడవు 227 కిలోమీటర్లు. దాని కింద సుమారు 6 లక్షల ఎకరాలకు నీరు అందాలని ప్రణాళిక. అంత నేలకు నీరు సరిపోవాలంటే ఎక్కువ భాగంలో ఆరుతడి పంటలే వేయాలని నిర్ణయించి, ఏ సర్వే నంబరులో ఏ పంట వేయాలో ముందుగానే వ్రాసిపెట్టారు. కాలువ మొదట ఉన్నవారు వరి వేశారు. కాలువ కాగితంలో ఆరుతడి, రైతు పద్దులో వరి. జరిమానా తీరువా కట్టిన రసీదు కూడా అదే పుస్తకంలో ముళ్ళుకర్రకు గుచ్చి ఉంటుంది. కాలువ చివర మాన్వి, రాయచూరు వైపు పల్లెలకు రాని నీరు ఎక్కడ ఆగినదో ఈ పద్దులు చెప్పగలవు. ఇది క్యాంపువారికి పూర్తిగా గౌరవం తెచ్చే సంగతి కాదు. అయినా చరిత్ర దాచేటప్పుడు గౌరవం తెచ్చే కాగితాలను మాత్రమే ఏరి దాచటం చెదపురుగు చేసే పనికి దగ్గరగానే ఉంటుంది.

నీరు ఎక్కువైన పల్లపు చేలు కొన్ని పదుల ఏళ్ళకు చౌడుబారినవి. ఏ చేను ఏ సంవత్సరంలో దిగుబడి తగ్గనారంభించినదో వరుసగా ముప్పై ఏళ్ళ కాటా చీటీలు చూస్తే తెలుస్తుంది. బాపట్లలో 1986లో విడుదలైన సాంబ మసూరి వరి ఇక్కడికి ఏ ఏడు వచ్చినదో, ఎవరి చుట్టం బస్తా విత్తనం తెచ్చి ఇచ్చాడో కూడా పద్దులోనే దొరుకుతుంది. వ్యవసాయ శాస్త్రం చదివే విద్యార్థికి ఇంతకంటె విలువైన ఆధారం ఏముంటుంది?

ఈ పుస్తకాలు చదవటానికి కొంత లెక్క తెలియాలి. ఈ తరం ఉపాధ్యాయులు దీనిని పిల్లలకు గణిత పాఠంగా చెప్పినా బాగుంటుంది. కోస్తా నుండి వచ్చిన రైతుకు ఎకరానికి నూరు సెంట్లు. హైదరాబాదు రాష్ట్రంలో ఎకరానికి నలభై గుంటలు. కనుక రైతు తన పుస్తకంలో 4 ఎకరాల 50 సెంట్లు అని వ్రాసుకొన్న చేను, దస్తావేజులో 4 ఎకరాల 20 గుంటలు అని ఉంటుంది. రెండూ ఒకటే. ఇది తెలియక అరవై ఏళ్ళ తరువాత అన్నదమ్ములు తగవులాడుకొన్న ఇళ్ళు లేకపోలేదు. హైదరాబాదు రాష్ట్రపు హాలీ సిక్కా ఏడు రూపాయలు, భారత ప్రభుత్వపు ఆరు రూపాయలకు సమానం. ధర ఏ రూపాయలలో వ్రాశారో చూడకపోతే లెక్క తప్పుతుంది. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చేవరకు రూపాయికి పదహారణాలు, అణాకు పన్నెండు పైలు. బేడ అంటే రెండణాలు, వీసం అంటే పదహారవ వంతు. ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1363 అని ఉంటే అది 1953–54. తెలుగు సంవత్సరం పేరుతో ఇంకొక చిక్కు ఉన్నది. విజయ నామ సంవత్సరం అని ఉన్న పద్దు 1953–54ది కావచ్చు, 2013–14ది కూడా కావచ్చు. కాగితం రంగు చూసి పోల్చుకొనే రోజు నేటికి ఉన్నది. ఇంకొక అరవై ఏళ్ళకు ఆ వీలు కూడా ఉండదు. కనుక ఇంగ్లీషు సంవత్సరం పక్కన వ్రాసిపెట్టటం మంచిది.

ఈ ప్రాంతపు తెలుగువారికి ఊరి కాగితాలు దాచే అలవాటు కొత్తది కాదు. కాగితం దొరకని రోజులలో గుడ్డకు చింతగింజల జిగురు, బొగ్గుపొడి పట్టించి మడతలు పెట్టిన కడితాల మీద బలపంతో లెక్కలు వ్రాశారు. కన్నడంవారు దానినే కడత అన్నారు. కరణాల ఇళ్ళలో ఊరి పూర్వవృత్తాంతాలు వ్రాసిన కవిలెలు ఉండేవి. బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలు 1800లో నిజాము నుండి కుంఫిణీ చేతికి వచ్చిన తరువాత కాలిన్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి ఆ కవిలెల నుండి కైఫీయతులు వ్రాయించుకొన్నారు. ఆ పనికి వెన్నెముక కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు. మెకంజీ 1821లో మరణించాడు. ఆ సేకరణలో శిథిలమవుతున్న భాగాలకు నకళ్ళు వ్రాయించినవాడు సి. పి. బ్రౌన్. కరణాల ఇళ్ళలో ఉండిపోయిన అసలు కవిలెలు ఏమైనవో ఆలోచిస్తే, నకలు ఎందుకు తీయాలో వేరుగా చెప్పనక్కరలేదు. ప్రభుత్వమే చేయాలని కూడా లేదు. వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనం ఒక గ్రామ గ్రంథాలయం. అక్కడ భద్రపరచిన పాత పత్రికల కోసం ఎక్కడెక్కడి పరిశోధకులో నేటికీ వెళ్తారు.

ఇంటి కాగితాలలో పెద్ద రికార్డులలో కనిపించని మనుషులు కనిపిస్తారు. భూమి దస్తావేజులో సాధారణంగా మగవారి పేర్లే. అదే మూటలో తాకట్టు చీటీ ఉంటుంది. కాసులపేరు, వడ్డాణం, జత గాజులు, వాటి తూకం, తెచ్చిన సొమ్ము. దాని తేదీకి, భూమి రిజిస్టరు తేదీకి మధ్య పది పదిహేను రోజులు. రెండు కాగితాలు పక్కపక్కన పెడితే ఆ భూమి ఎవరి బంగారంతో వచ్చినదో తెలుస్తుంది. తాకట్టు చీటీ పారవేసి దస్తావేజు దాచుకొంటే ఆ ఇంటి కథలో సగం పోయినట్లే. కూలీల పద్దు మరొకటి. నాట్లకు, కోతలకు వచ్చినవారి పేర్లు, రోజులు, ముట్టిన డబ్బు, ముట్టిన గింజలు అందులో ఉంటాయి. ఆ పేర్లలో అనేకం మరే కాగితంలోను లేవు. వారి మనుమలు ఎవరైనా తమ తాత గురించి వెదికితే దొరికేది ఒక క్యాంపు ఆసామి పద్దు పుస్తకంలోనే. భూమి అమ్మిన స్థానిక కన్నడ రైతుల సంగతి కూడా ఆలోచించాలి. వారు ఎంతకు అమ్మారు, నీరు వచ్చిన తరువాత ఆ ధర ఎంతకు పెరిగినది, అమ్మినవారిలో ఎందరు అదే చేలో కౌలుకు దిగారు అన్నవి క్యాంపు ఇళ్ళలోని దస్తావేజులలోను, పక్క ఊరి ఇళ్ళలోని జ్ఞాపకాలలోను చెరిసగంగా ఉన్నవి. జలాశయంలో మునిగిన నారాయణదేవరకెరె వంటి ఊళ్ళవారి ఫోటోలు కూడా ఈ కథలోనివే. కనుక ఇక్కడ ఏర్పడే భాండాగారం తెలుగువారిది మాత్రమే అనుకొంటే అది సగం భాండాగారమే అవుతుంది.

ఫోటోల విషయంలో కొన్ని జాగ్రత్తలు చెప్పవలసి ఉన్నది. వింతగా తోచినా పాత నలుపు తెలుపు ఫోటోయే ఎక్కువకాలం నిలుస్తుంది. 1970, 80లలో తీయించిన రంగుల ఫోటోలు చీకటిలో దాచినా ఎర్రబారిపోతున్నవి. కనుక ముందుగా నకలు తీయవలసినవి పెళ్ళి ఆల్బములలోని రంగుల ఫోటోలు. జిగురు పేజీల మీద పలుచని ప్లాస్టిక్ కప్పే ఆల్బములు ఫోటోలకు విషం వంటివి. లామినేషను చేయిస్తే చిరకాలం ఉంటుందని చాలామంది నమ్మకం. వేడి, జిగురు కలిసి ఫోటోను పట్టుకొంటే తిరిగి విడదీసే మార్గం లేదు. అసలు ఫోటోను ఎన్నటికీ లామినేషను చేయించరాదు. పటం అద్దానికి అంటుకొన్న ఫోటోను లాగరాదు, అద్దంతో సహా నకలు తీయించాలి. వెనుక బాల్‌పెన్నుతో వ్రాస్తే గీత ముఖం మీదికి పొడుచుకువస్తుంది. మెత్తని పెన్సిలుతో అంచున తేలికగా వ్రాయాలి. నున్నని కొత్త ఫోటోల మీద పెన్సిలు పడదు, వాటికి కాగితపు కవరు మీద వ్రాసి అందులో పెట్టాలి.

కాగితాలకు శత్రువులు గుండుసూదులు, స్టాప్లరు పిన్నులు, సెల్లోటేపు, మైదా జిగురు. పిన్ను తుప్పుపడుతుంది, టేపు పసుపు మరక విడుస్తుంది, మైదాకు పురుగు వస్తుంది. ఇటీవలి వేబ్రిడ్జి చీటీలు, ఎరువుల కొట్టు బిల్లులు వేడికి అచ్చయ్యే కాగితం మీదివి. నాలుగైదేళ్ళలో తెల్లకాగితాలవుతాయి. వాటికి వెంటనే జెరాక్సు తీయాలి. ఇనుప ట్రంకుపెట్టె చెదల నుండి కాపాడుతుంది కాని నేలమీద పెడితే అడుగున చెమ్మ చేరుతుంది. రెండు ఇటుకల మీద పెట్టాలి. రేకుల కప్పు కింది అటక పనికిరాదు. వేపాకు వేయదలచినవారు బాగా ఎండబెట్టి గుడ్డలో కట్టి మూలన పెట్టాలి, పచ్చి ఆకు కాగితాల మధ్య పెడితే మరకలు పడతాయి. 2009 అక్టోబరు వరదలలో ఈ జిల్లాలలో ఎన్నో ఇళ్ళలో పెట్టెలు తడిసినవి. తడిసిన ఫోటోలను ఎండలో పరచరాదు, ఒకదానిపై ఒకటి ఆరనీయరాదు. మంచినీటిలో మెల్లగా కడిగి, బొమ్మ పైకి ఉండేటట్లు నీడలో విడివిడిగా ఆరబెట్టాలి. రెండు రోజులు దాటితే బూజు పడుతుంది.

నకలు తీసేటప్పుడు స్కానరులో అంగుళానికి 600 చుక్కలకు తక్కువ కాకుండా పెట్టాలి. స్కానరు లేకుంటే ఫోను చాలు. పగటి వెలుతురులో, ఫ్లాషు లేకుండా, కాగితానికి సమాంతరంగా పట్టుకొని తీయాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో కుదించుకుపోతుంది, దానిని డాక్యుమెంటుగా పంపాలి. మూడు ప్రతులు, అందులో ఒకటి వేరే ఊళ్ళో ఉంచాలి. హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న కుమారుని దగ్గర ఒక ప్రతి ఉంచవచ్చు. దూరాన ఉన్న పిల్లలకు ఇది మంచి పని కూడా.

పాఠశాలలో చేయదలచిన ఏర్పాటు సామాన్యమైనది. అసలు కాగితాలు ఎవరివి వారి ఇంట్లోనే ఉంటాయి. భూమి దస్తావేజులు, వీలునామాలు పాఠశాల తీసుకోదు, తీసుకోరాదు. తెచ్చిన కాగితాన్ని తెచ్చినవారి ఎదుటనే నకలు తీసి అదే పూట తిరిగి ఇస్తారు. ఒక రిజిస్టరులో వరుస సంఖ్య, ఇచ్చినవారి పేరు, కాగితం వివరం, అందులోని మనుషుల పేర్లు, ఫోటో తీసిన స్టూడియో తెలిస్తే దాని పేరు, సంవత్సరం వ్రాస్తారు. సంవత్సరం కచ్చితంగా తెలియకుంటే ఊహించి వ్రాయరు, పెద్దమ్మాయి పుట్టకముందు అని చెబితే అలాగే వ్రాస్తారు. అప్పుల నోట్లు, కట్నకానుకల పట్టికలు, తగవుల కాగితాలు బయటపడితే నొచ్చుకొనేవారు ఉంటారు. ఇచ్చినవారు ఇన్నేళ్ళవరకు ఎవరికీ చూపరాదని వ్రాసి ఇస్తే ఆ మాటను పాటిస్తారు. ఆ మాట పాటించకపోతే రెండవ ఇల్లు తలుపు తీయదు. గొలుసుకట్టు వ్రాత చదవగలిగిన పెద్దలు వారానికి ఒక పూట వచ్చి పక్కన కూర్చొంటే, పై తరగతుల పిల్లలు వారు చెప్పినది అచ్చు తెలుగులో ఎత్తి వ్రాస్తారు. కన్నడ సారాంశం కూడా ఒక వాక్యం ఉంటుంది. పోగైన తరువాత ఒక ప్రతిని హంపి కన్నడ విశ్వవిద్యాలయం వంటి చోటికి అందజేసే సంగతి పూర్వ విద్యార్థుల సంఘం ఆలోచించవలసి ఉన్నది. పాఠశాలలు కూడా చిరంజీవులు కావు గదా.

వరండాలో తూర్పు వైపు బల్లమీద నకలు తీసే యంత్రం, పెన్సిళ్ళు, కాగితపు కవర్లు సిద్ధంగా ఉన్నవి. పక్కనే పాఠశాల బీరువాలో దొరికిన ఒక గ్రూపు ఫోటో పెట్టారు. ముందు వరుసలో నేలమీద కూర్చున్న పిల్లవాని చేతిలో పలక ఉన్నది, పలక మీది సంవత్సరం చెరిగిపోయినది. నిలబడిన పిల్లలలో పదకొండుగురి పేర్లు నేటి ఉదయమే తెలిసినవి. కుర్చీలలో ఎడమనుండి మూడవ ఉపాధ్యాయుడు, తలపాగా, కండువాతో ఉన్నవారు ఎవరో ఇంకా తెలియలేదు. గుర్తుపట్టినవారు భోజనాలకు వెళ్ళేముందు అక్కడ కూర్చున్న తొమ్మిదవ తరగతి పిల్లలకు చెప్పి వ్రాయించగలరు.